శిక్ష తీరి వచ్చినవారికి ఊళ్లో చోటివ్వాలి

నెల్లూరు దగ్గర చెముడుగుంటలో కేంద్ర కారాగారం వుంది. శిక్ష తీరిన మనిషిని అక్కడ గేటు దాటించి పంపడం పెద్ద తతంగమేమీ కాదు. లోపలికి వెళ్లిన రోజున అప్పగించిన వస్తువులు, లోపల చేసిన పనికి జమపడిన కూలి డబ్బులు చేతికిచ్చి సంతకమో, వేలిముద్రో తీసుకుంటారు. అక్కణ్ణించి ఆత్మకూరు 60 కిలోమీటర్లకు అటూ యిటూ వుంటుంది. ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కితే పొద్దు వాలకముందే ఊళ్లో దిగవచ్చు. కానీ బస్సు దిగిన చోటినుంచి తన యింటి గడప దాకా వుండే ఆ నాలుగు అడుగులు తల ఎత్తి నడవడానికి కొందరికి ఏళ్లు పడుతున్నది. కొందరు ఎప్పటికీ నడవలేక పోతున్నారు. ఆ నాలుగు అడుగుల గురించే ఈ నాలుగు మాటలు.

చాలా ఏళ్ల క్రితం నేనెరిగిన ఒక మనిషి గట్టు తగాదాలో కర్ర ఎత్తాడు. ఎదుటి మనిషి ప్రాణం పోయింది. కోర్టు శిక్ష వేసింది. శిక్ష పూర్తిగా అనుభవించి తిరిగి వచ్చాడు. ఊళ్లో ఎవరూ ఆయనను కొట్టలేదు, తిట్టలేదు. అసలు మాట్లాడలేదు. నాట్లకు, కోతలకు పిలుపు రాలేదు. టీ కొట్టులో ఆయన గ్లాసు విడిగా పెట్టారు. కూతురికి కుదిరిన సంబంధం ఎవరో చెవిలో వేసిన మాటకు చెడిపోయింది. ఏడాది తిరగకుండా ఆయన పెళ్లాం బిడ్డలను వెంటబెట్టుకుని ఏ దేశమో వెళ్లిపోయాడు. ఒకనాడు చెరువు కట్టమీద నాకు ఎదురు వచ్చాడు. పలకరిస్తానేమోనని ఆగాడు. నేను తల తిప్పుకుని పోయాను. కోర్టు వేసిన శిక్షకు లెక్క వుంది, తేదీ వుంది. మేము వేసిన శిక్షకు లెక్కా లేదు, తేదీ లేదు. అందులో నా వంతు కూడా వుందని యిప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. అప్పుడు తల తిప్పుకున్నందుకే సిగ్గు.

లోపలికి వెళ్లినవారు ఎవరు?

జైలు అనగానే మనకు సినిమాల్లో చూసిన గండరగండళ్లు గుర్తుకు వస్తారు. మన మెట్ట ప్రాంతం నుంచి లోపలికి వెళ్లేవారిలో అలాంటివారు ఎంతమంది వుంటారు? గట్టు తగాదాలో, నీటి వంతు తగాదాలో చెయ్యి చేసుకున్నవారు కొందరు. తాగిన మైకంలో యింట్లోనో వీధిలోనో ఘోరం చేసి, మైకం దిగాక తల బాదుకున్నవారు కొందరు. వెలిగొండల్లో ఎర్రచందనం దుంగలు మోస్తూ పట్టుబడిన కుర్రవాళ్లు కొందరు. ఎర్రచందనం మన రాయలసీమ, నెల్లూరు జిల్లాల కొండల్లోనూ, వాటిని ఆనుకున్న కొద్ది చోట్లనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా తనంతట తాను పెరగదు. దాని విలువ సముద్రం దాటితే లక్షల్లో వుంటుంది. దుంగ మోసినవాడికి దక్కేది నాలుగు రాత్రుల కూలి. ముందుగా చేతికి చిక్కేది కూడా ఆ మోసినవాడే. వాడు చేసింది తప్పు కాదని నేననను. అడవి మన అందరిది. కానీ పాతికేళ్లు నిండని కుర్రవాడు కేసు తీరి వస్తే వాడికి బతికే దారి చూపకపోతే, మళ్లీ ఆ కొండ దారే చూపించడానికి వేరేవారు సిద్ధంగా వుంటారు.

ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. జైల్లో వున్నవారందరూ శిక్ష పడినవారు కారు. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది వుంటే, వారిలో 4,34,302 మంది విచారణలో వున్నవారే. అంటే నలుగురిలో ముగ్గురి నేరం యింకా రుజువు కాలేదు. వీరిలో ఎందరో రేపు నిర్దోషులని తేలవచ్చు. కానీ ఊళ్లో ఆ తేడా ఎవరు చూస్తున్నారు? 'జైలుకు పోయి వచ్చాడు' అన్న ఒక్క ముక్కతో అందరినీ ఒకే గాటన కడుతున్నాము.

బెయిలు వచ్చినా జామీను యిచ్చేవారు లేక లోపలే వుండిపోయే బీదలు ఎందరో. 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఆయన్ను వదలడానికి కింది కోర్టు 10,000 రూపాయల జామీను అడిగింది. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో వున్నదని చెప్పి ఆ జామీనును కాదన్నది. ఒక తాపీమేస్త్రీ అంత మొత్తం ఎక్కణ్ణించి తెస్తాడని జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ కింది కోర్టు తీరును తప్పుబట్టి, 1,000 రూపాయల సొంత పూచీ మీద వదలమన్నారు. ఆ తీర్పు వచ్చి యిన్నేళ్లయినా, జామీను కోసం కోర్టు బయట చెట్టుకింద నిలబడి వచ్చేపోయేవారి ముఖాలు చూసే ఆడవాళ్లు యీనాటికీ వున్నారు.

కావలి నేర్పిన పాఠం

తప్పు చేసినవారిని దారిలో పెట్టే ప్రయత్నం మన జిల్లాకు కొత్త కాదు. వంద సంవత్సరాలకు పైబడిన అనుభవం మనకుంది. మన పెద్దలు ఎరిగిన సంగతే అయినా కుర్రవారికోసం మళ్లీ చెప్పుకోవడం మంచిది.

తెల్లవారి ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం అని ఒకటి తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. కొన్ని కులాలలో పుట్టినవారంతా పుట్టుకతోనే నేరస్థులని ఆ చట్టం భావం. మన వైపు ఎరుకలవారు దాని పాలబడ్డారు. వారిని సెటిల్‌మెంట్లలో పెట్టి, వేళకు హాజరు పిలిచి, చీటీ లేనిదే పొలిమేర దాటనివ్వకుండా కట్టడి చేశారు. బాపట్ల దగ్గర స్టువార్టుపురం సెటిల్‌మెంటు 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతిమీదుగా వెలిసింది. మన కావలిలో సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు అప్పగించారు. శామ్యూల్ బాడెన్ అనే దొర దానికి పెద్దగా వుండి నడిపారు. ఉదయగిరిలోనూ, ఆత్మకూరులోనూ ఠాణాలు పెట్టి బళ్లు నడిపిన మిషన్ అదే. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్ప కూడా ఆనాటి సెటిల్‌మెంట్ల కథలో భాగమే.

మిషన్‌వారు అక్కడ పని చూపించారు, బడి పెట్టారు, ప్రార్థనలు చేశారు. వారిలో కొందరి దయను శంకించనవసరం లేదు. కానీ ఆ దయ చుట్టూ ప్రభుత్వం కంచె కట్టింది. పొద్దున ప్రార్థన చేసిన మనిషిని రాత్రి హాజరు పిలిచి లెక్కపెడితే, తన్ను నమ్ముతున్నారని వాడెలా అనుకుంటాడు? మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31నా ఆ చట్టం పోయింది. చట్టం పోయినా పేరు పోలేదు. స్టువార్టుపురం, కప్పరాళ్లతిప్ప అని ఊరిపేరు చెబితేనే పని యివ్వని రోజులు చాలాకాలం సాగాయి.

ఆ తర్వాత 1970లలో హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఈ ఊళ్లలో అడుగుపెట్టారు. హేమలత కవి జాషువా కుమార్తె. లవణం నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు. జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా వున్న రోజులవి. చంబల్ లోయలో 1960లో వినోబా ముందు, 1972లో జయప్రకాశ్ నారాయణ్ ముందు బందిపోట్లు ఆయుధాలు దించిన సంగతి అప్పటికింకా జనం నోళ్లలో నానుతున్నది. అదే నమ్మకంతో లవణం దంపతులు ముందు స్టువార్టుపురంలోనూ, తర్వాత మన కప్పరాళ్లతిప్పలోనూ పనిచేశారు. 'సంస్కార్' అనే సంస్థ ద్వారా ఆ కుటుంబాలను కలుసుకున్నారు. నేరం మానేస్తే బతుకుతెరువు ఏది అన్న ప్రశ్నకు జవాబు వెదికారు. పిల్లల చదువు చూశారు. హేమలత 2008లో, లవణం 2015లో కన్నుమూశారు.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. దేవుడున్నాడని నమ్మిన మిషన్‌వారూ, దేవుడు లేడన్న యింటివారూ ఒకే జనం గడపలకు వెళ్లారు. ఇద్దరి నమ్మకాలకూ పొంతన లేదు. కానీ కాపలా మీద నిలబడిన పని కంటే, యింటికి వెళ్లి కూర్చుని మాట్లాడిన పనే మనిషి మనసుకు దగ్గరయిందని మన జిల్లా అనుభవం చెబుతున్నది. మనిషిని మార్చేది అనుమానం కాదు, ఆదరణ.

పుట్టుక మీద వేసిన ఆ ముద్ర జైలు నిబంధనలలో మొన్న మొన్నటి దాకా మిగిలి వుండడం మరీ విచారకరం. కులాన్ని బట్టి ఖైదీలకు పనులు పంచడం, విముక్త జాతులవారిని పుట్టుకను బట్టి నేరస్వభావం గలవారిగా చూడడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పింది. పెద్ద కోర్టు చెరిపిన ముద్రను మన రచ్చబండ మీద మనం మళ్లీ వేయకూడదు.

ప్రార్థన మంచిదే, కాని...

మన ప్రాంతంలో భక్తికి కొదవ లేదు. భజన మందిరం లేని పల్లె అరుదు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో పాత చర్చీలున్నాయి. ఏ.యస్.పేట దర్గాకు కులం, మతం చూడకుండా మనసు చెదిరినవారిని తీసుకువెళ్లి, వారికోసం మొక్కుకునే ఆచారం తరతరాలుగా వస్తున్నది. జైలునుంచి వచ్చిన మనిషికోసం కూడా కొన్నిచోట్ల ప్రార్థన చేస్తున్నారు. ఇది సంతోషించవలసిన విషయం. రాత్రిళ్లు నిద్రపట్టని మనిషికి, చేసిన పని కళ్లముందు మెదిలే మనిషికి, పక్కన కూర్చుని ఒక్క మంచి మాట చెప్పేవారుండడం చిన్న సాయం కాదు. తాగుడు మానుకోవాలనుకునేవాడికి సాయంత్రం పూట మందు అంగడి వైపు కాకుండా మరో వైపు వెళ్లడానికి ఒక చోటు దొరికినట్టవుతుంది.

అయితే ప్రార్థన చేసే పెద్దలకు మూడు మనవులు.

మొదటిది, ప్రార్థనకు వస్తేనే బియ్యం, మా గుడికి వస్తేనే పని అనే షరతు పెట్టవద్దు. అది కావలి కంచె లాంటిదే అవుతుంది. ఆకలితో వున్నవాడు ఏ దేవుడికైనా దండం పెడతాడు. అది భక్తి కాదు.

రెండవది, నలుగురిలో నిలబెట్టి చేసిన నేరమంతా చెప్పించవద్దు. ఒకసారి తన యిష్టంతో చెప్పుకుంటే గుండె బరువు దిగుతుందేమో. ప్రతి కూటంలోనూ చెప్పిస్తే ఆ మనిషి బతుకంతా ఆ ఒక్క రోజుకే కట్టుబడిపోతుంది. ముందు వరసలో కూర్చుని వింటున్న ఆయన పిల్లల సంగతి కూడా ఆలోచించాలి.

మూడవది ముఖ్యమైనది. ప్రార్థన అయ్యాక ఆ మనిషి ఎక్కడ భోంచేస్తాడో, రేపు ఏ పనికి వెళ్తాడో అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు లేకుండా యిళ్లకు వెళ్లిపోతే మన ప్రార్థన సగంలో ఆగినట్టే. దేవుడు వింటాడో లేదో గాని, ఆ మనిషి ఆకలి మాత్రం మనం వినగలిగినదే.

ఊరు చేయగలిగిన పనులు

పెద్ద పథకాలు, పెద్ద మొత్తాలు అక్కర్లేదు. నలుగురు పూనుకుంటే పల్లెలో జరిగే పనులివి.

మనిషి వచ్చే రోజు తెలుసుకుని ఎవరో ఒకరు గేటు దగ్గరికి వెళ్లాలి. ఒంటరిగా వచ్చేవాడికి మొదట ఎదురయ్యేది పాత సావాసగాళ్లే. అన్నదమ్ములు వెళ్లకపోతే ఊరి పెద్ద ఒకరు వెళ్లినా మర్యాద దక్కుతుంది. మొదటి నెలకు సరిపడా బియ్యం, పప్పు, ఒక జత బట్టలు ఏర్పాటు చేస్తే చాలు. మొదటి నెల గడిస్తే సగం గండం గడిచినట్టే.

తర్వాత కాగితాలు. ఏళ్ల తరబడి లోపలున్నవాడి పేరు బియ్యం కార్డులో వుండకపోవచ్చు. ఆధార్‌లో వేలిముద్రలు పడకపోవచ్చు. బ్యాంకు ఖాతా మూలబడి వుంటుంది. ఉపాధి పనికి పేరు వుండదు. చదువు రానివాడు వీటికోసం ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిపోతాడు. చదువుకున్న కుర్రవాడు ఒకడు రెండు రోజులు వెంట వుంటే యివన్నీ చక్కబడతాయి. ఓటు సంగతి కూడా చాలామంది పొరబాటు పడుతున్నారు. జైల్లో వున్నంతకాలం ఓటు వేయడానికి వీల్లేదన్నది 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం. బయటికి వచ్చినవాడికి ఓటు వుంది. బెయిలు మీద వున్నవాడికీ వుంది. 'నీకింక ఓటు లేదుపో' అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

కోర్టు వాయిదాలు ఇంకో సంగతి. బెయిలు మీద వచ్చినవాడు ఒక్క వాయిదా తప్పితే వారంటు వస్తుంది. మళ్లీ లోపలికి పోతాడు. వాయిదా తప్పడం చాలాసార్లు పొగరు వల్ల కాదు. తేదీ గుర్తులేక, బస్సు ఛార్జీ లేక, ఆ రోజు కూలి పోతుందన్న భయం వల్ల. తేదీ గోడమీద రాసిపెట్టి, ముందురోజు గుర్తుచేసే మనిషి ఒకరుంటే ఒక కుటుంబం నిలబడుతుంది.

చట్టంలో వున్న సాయం మనవారికి తెలియడం లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం నిర్బంధంలో వున్నవారికి ప్లీడరును ఉచితంగా పెట్టాలి. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. 2023లో కేంద్రప్రభుత్వం బీద ఖైదీలకోసం ఒక పథకం తెచ్చింది. విచారణలో వున్నవారి జామీను మొత్తానికి 40,000 రూపాయల దాకా, శిక్ష పడి జరిమానా కట్టలేనివారికి 25,000 రూపాయల దాకా సాయం చేయవచ్చని అప్పుడు అందులో రాశారు. దాన్ని జిల్లా స్థాయి కమిటీ పరిశీలిస్తుంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టంలో ఇంకొక వెసులుబాటు వుంది. మునుపెన్నడూ శిక్ష పడనివాడు, ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణలోనే లోపల గడిపితే, కోర్టు బెయిలు యివ్వాలి. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి యిది వర్తించదు. మీ ఊరివాడెవడైనా ఇలా వుండిపోయాడేమో లెక్క చూడండి.

చిన్న నేరానికి మొదటిసారి దొరికిన కుర్రవాళ్ల సంగతికి వస్తే, 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద కోర్టు మందలించి గాని, మంచి నడవడికకు పూచీ తీసుకుని గాని వదలవచ్చు. అలా వదిలినవాడికి శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అంటవని ఆ చట్టంలోనే రాశారు. మన ప్లీడర్లు ఈ సంగతి కోర్టుకు గుర్తుచేస్తే ఎందరో కుర్రవాళ్ల జీవితం మొదట్లోనే గట్టున పడుతుంది.

అన్నిటికంటే పెద్దది పని. ఇక్కడ పనే లేదని అందరం అంటాము. నిజమే, మెట్టలో పని తక్కువ. అయినా బొత్తిగా లేకపోలేదు. కలిగిరి, డి.సి.పల్లి పొగాకు వేలం కేంద్రాలకు సరుకు వచ్చే ఊళ్లలో బ్యారన్ల దగ్గర పని వుంది. బత్తాయి, నిమ్మ తోటల్లో కాపలా వుంది. గొర్రెలు మేపుకుని బతికే మెట్ట యిది. మన నెల్లూరు గొర్రెకు దేశమంతటా పేరుంది. ఉదయగిరి కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కే పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ పని ఇంట్లో కూర్చుని ఆడవాళ్లు కూడా చేస్తున్నారు. తెలుగు రాష్ట్రాల్లో జైళ్లశాఖే పెట్రోలు బంకులు నడిపి ఖైదీల చేత డబ్బు లెక్క చూపిస్తున్నది. జైలు అధికారి నమ్మి గల్లాపెట్టె అప్పగించిన మనిషికి మనం గొర్రెల మందను అప్పగించలేమా? కావాలంటే మొదట పది జీవాలే అప్పగించండి. ఆరు నెలలు చూడండి. నమ్మకం కూడా అప్పు లాంటిదే. చిన్నగా మొదలు పెట్టి, తీర్చేకొద్దీ పెంచవచ్చు.

ఆడవాళ్ల వైపు చూడాలి

మగవాడు లోపలికి వెళ్తే ఇంట్లో వుండిపోయిన ఆడది ఏ నేరమూ చేయకుండానే శిక్ష అనుభవిస్తున్నది. ములాఖత్‌కు వెళ్లిరావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది. బడిలో పిల్లవాణ్ణి 'జైలోడి కొడుకు' అంటారు. వాడు బడి మానేస్తాడు. అలా ఒకరి నేరానికి రెండు తరాలు బలి అవుతున్నాయి.

ఈ విషయంలో మన మెట్ట ఆడవాళ్లకున్న శక్తి సామాన్యమైనది కాదు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ మొదలైనవారు సారా అంగడి మీద తిరగబడ్డ సంగతి దేశమంతా విన్నది. అక్షరం నేర్చుకునే రాత్రి బడులలో మొదలైన ఆ ఉద్యమం 1992లో జిల్లా అంతా అల్లుకుంది. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించక తప్పలేదు. ఆ ఉద్యమం వెనుకనే పొదుపు సంఘాలు పుట్టి పెరిగాయి. అప్పుడు ప్రభుత్వం మెడలు వంచిన ఆడవాళ్లకు, ఈ రోజున లోపలున్నవాడి భార్యను పొదుపు సంఘంలో నిలుపుకోవడం, ఆమె కంతు ఒకటి రెండు నెలలు ఆలస్యమైతే ఓర్చుకోవడం, ఆ పిల్లవాణ్ణి మళ్లీ బడికి పంపించడం ఒక లెక్కా?

శిక్ష పడి వచ్చిన ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయంగా వుంది. మగవాడు వస్తే ఏడుస్తూనైనా తలుపు తీస్తారు. ఆడది వస్తే పుట్టింటి తలుపూ, అత్తింటి తలుపూ రెండూ మూసుకుంటాయి. ఆమెకు ముందుగా కావలసింది తల దాచుకునే చోటు. ఊరి ఆడవాళ్లే దీనికి పూనుకోవాలి.

నష్టపోయినవారి మాటేమిటి?

ఇంతదాకా చదివినవారిలో కొందరికి కోపం వచ్చి వుంటుంది. 'చచ్చినవాడి పెళ్లాం బిడ్డలను ఎవరు చూశారు? చంపినవాడికి బియ్యమా?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దాన్ని దాటవేసి ఎన్ని మంచి మాటలు చెప్పినా అవి చెల్లవు.

క్షమించడం నష్టపోయినవారి హక్కు. వారి తరఫున ఊరు క్షమించలేదు, గుడి క్షమించలేదు, పత్రికలో రాసేవారూ క్షమించలేరు. వారు మాట్లాడనంటే, ఆ మనిషి ముఖం చూడనంటే, అది వారి ఇష్టం. వారిని బలవంతపెట్టి చేతులు కలిపించే రాజీ పంచాయతీలు మరీ తప్పు. జైలునుంచి వచ్చిన మనిషి కూడా వారి వీధిలో తలెగరేసి తిరగకూడదు. వారి గడపలో సాయం ముందు పడాలి, ఆ తర్వాతే వచ్చినవాడి గడపలో. భర్తను పోగొట్టుకున్న యిల్లాలికి పింఛను కాగితం పెట్టించని ఊరు, చంపినవాడికి ఎదురేగి స్వాగతం చెబితే అది ధర్మం అనిపించుకోదు.

కానీ పని యివ్వడం వేరు, క్షమించడం వేరు. పని దొరకనివాడు మంచివాడుగా వుండడం కష్టం. వాడు మళ్లీ తప్పు చేస్తే నష్టపోయేది మళ్లీ మనలో ఒకరే. చంపినవాడికి పని యిచ్చేది చచ్చినవాణ్ణి మరిచిపోయి కాదు. మరొకడు చావకుండా వుండడానికి.

'మళ్లీ చేస్తే?' అని ఇంకొందరి భయం. చేసేవాళ్లు కొందరుంటారు. వారికి పోలీసులున్నారు, కోర్టులున్నాయి. పదిమందిలో ఇద్దరు మళ్లీ తప్పు చేస్తారేమోనని మిగతా ఎనిమిదిమందిని కూడా తరిమేస్తే, ఆ ఎనిమిదిమంది కూడా ఏదో ఒకనాడు ఆ ఇద్దరి దగ్గరికే చేరతారు. అందుకే ఖైదీల గురించి ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నిబంధనలలో, మనిషి విడుదలైనంత మాత్రాన సమాజం బాధ్యత తీరిపోదని రాశారు. 27 ఏళ్లు జైలులో గడిపిన నెల్సన్ మండేలా పేరు ఆ నిబంధనలకు పెట్టారు. అంత దూరం పోనక్కర్లేదు. కాలు జారినవాడికి చెయ్యి అందించడం మన పల్లెకు తెలియని విద్యా?

పెద్దలకు మనవి

ప్రతి పంచాయతీలోనూ ఐదుగురు కలిసి ఒక చిన్న జట్టుగా ఏర్పడితే చాలు. అందులో ఒక పంతులు, పొదుపు సంఘం నుంచి ఒకరు, గుడిలోనో మసీదులోనో చర్చిలోనో పెద్ద ఒకరు, కాస్త కోర్టు సంగతులు తెలిసినవారు ఒకరు వుండాలి. ఐదోవారు ఒకసారి లోపలికి వెళ్లి వచ్చి, ఇప్పుడు నిలదొక్కుకున్న మనిషి అయితే మరీ మంచిది. ఆ బాధ తెలిసినవాడి మాట వేరుగా వుంటుంది. మీ ఊరినుంచి ఎవరు లోపలున్నారు, ఎవరు ఎప్పుడు వస్తారు, వారి యిల్లు ఎలా గడుస్తున్నది - ఈ మూడు సంగతులు తెలుసుకుంటే పని మొదలైనట్టే.

సోమశిల ఆనకట్ట దగ్గర నిలబడి చూస్తే, వరద రోజుల్లో పెన్న ఎంత చెత్తను తెచ్చి ఒడ్డున పడేస్తుందో కనబడుతుంది. కొట్టుకువచ్చిన దుంగను ఎండబెట్టి యింటికి వాసం చేసుకున్నవారిని నేను చూశాను. మనిషి దుంగకంటే తక్కువవాడు కాడు.

ఈ రాత్రి భజనకో, నమాజుకో, ప్రార్థనకో వెళ్లేవారు తమ ఊరివాడు లోపలున్నవాడెవడో ఒకణ్ణి పేరుపెట్టి తలచుకోండి. తెల్లవారి లేచాక వాడి యింటి ముందునుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగి, 'అమ్మా, బాగున్నారా?' అని అడగండి. చెరువు కట్టమీద నేను ఆగలేదు. మీరు ఆగండి.